అరువు తెచ్చిన హాజరు

సుమిత్ర ఆ ఉదయం ఆరుగురు పరాయి ఆడపిల్లలకు జడలు వేసింది. బడి వరండాలో పీట వేసుకుని ఒక్కొక్కరినీ మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని, చిక్కు తీసి, రిబ్బను కట్టి, ఒక్కొక్కరి చెవిలో ఒక పేరు చెప్పింది.

"ఇయ్యాల నీ పేరు నిషిత. పిలిస్తే లేచి ప్రెజెంట్ సార్ అనాలె."

ఆ పిల్ల పేరు సృజన. అయిదేళ్ళు నిండలేదు. అంగన్‌వాడీ నుంచి ఒక పూటకు అరువు తెచ్చారు. పన్నెండు మందిని అక్కడి నుంచి, పద్నాలుగు మందిని పక్క వీధిలోని చిన్న ప్రైవేటు బడి నుంచి. తెచ్చారు అంటే సుమిత్ర తెచ్చింది. ఇల్లిల్లూ తిరిగి తల్లుల్ని బతిమాలింది. "ఆడోళ్ళు అడిగితే తల్లులు కాదనరు మేడం" అన్నాడు హెడ్‌మాస్టరు సత్తిబాబు. తనకు కష్టమనిపించిన ప్రతి పనీ ఆడవాళ్ళ ప్రత్యేక ప్రతిభ అని అతని నమ్మకం.

ఆగస్టు వానకు పటాన్‌చెరులో చెరువు పొంగి బడి వెనక కాలనీలోకి నీళ్ళొచ్చాయి. ఫ్యాక్టరీ కూలీలు ఉండే కిరాయి గదులు నడుం లోతు మునిగాయి. నాలుగు రోజులు ఆ కుటుంబాలన్నీ బడిలోనే పడుకున్నాయి. వంట మనిషి సర్వర్ బేగం మూడు పూటలా వండింది, సుమిత్ర వడ్డించింది, సత్తిబాబు ఫోటోలు తీశాడు. ఆ రద్దీలోనూ సర్వర్ బేగం రోజూ ఒక గ్లాసు చాయ్ మూత పెట్టి పక్కన దాచేది, టీచరమ్మ తాగలేదని ఆమె ఒక్కతే గమనించేది. నీళ్ళు తీశాక గదుల యజమానులు తాళాలు వేసుకున్నారు. చాలామంది వెలిమెల వైపు, అపార్ట్‌మెంట్లు కడుతున్న చోట రేకుల షెడ్లకు పోయారు. రిజిస్టర్లో అరవై ఏడు పేర్లున్నాయి. బడికి వచ్చేది నలభై ఒక్కరు.

అరవై దాటితే ముగ్గురు టీచర్లు, దాటకపోతే ఇద్దరు. అదీ నిబంధన. ప్రభుత్వానికి వాన సంగతి తెలియక కాదు, బూట్లు తడవకుండా వచ్చి చూసి కూడా పోయింది. కానీ పోస్టులు లెక్కపెట్టే గదికి ఆ వాన ఇంకా చేరలేదు. ముగ్గురిలో సర్వీసులో చిన్నది సుమిత్ర. పోస్టు పోతే ఆమెను జిల్లా చివర ఎక్కడికో పంపుతారు. మిగిలే ఇద్దరిలో ఒకాయన ఎప్పుడూ టీచర్ల సంఘం పని మీద ఉంటాడు, రెండో ఆయన సత్తిబాబు. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దించేవాళ్ళు ఉండరు.

కుటుంబాలు కుదురుకునే దాకా ఈ ఏడాదికి వాన ముందటి సంఖ్యనే ఉంచండి అని ఆమె రెండు పేజీల అర్జీ రాసింది. సత్తిబాబు చదివి, "మీ రాత ముత్యాల్లెక్క ఉంటది మేడం" అన్నాడు. ఇది పంపితే పిల్లలు పోయిన్రని మనమే ఒప్పుకున్నట్టు అయితదని సొరుగులో పెట్టాడు. ముఖాలు చూసి హాజరు తీసుకునే ఫోను వాన నీళ్ళలో తడిసి చెడిపోయింది కాబట్టి మండల అధికారి కాగితం మీదే లెక్క చూస్తాడనీ, తలకాయలుంటే చాలనీ అతనే ఉపాయం చెప్పాడు.

ఆమె ఒప్పుకుంది. తనను తాను అసహ్యించుకోవడానికి ఆమెకు ఆ ఒక్క మాట చాలు, ఒప్పుకుంది. బీరంగూడలో ఇంటికి పోయి మల్లేష్‌కు చెబితే, "ఒక్క పూట కూసోబెడితే ఏం పోతది? నాటకాలల్ల ఎయ్యరా?" అన్నాడు టీవీ మీంచి కళ్ళు తీయకుండా. మల్లేష్ మందుల కంపెనీలో సూపర్‌వైజర్. అదే వానకు అతని ప్లాంటు పది రోజులు మూతపడింది. ఆ పది రోజులు అతను సోఫాలో పడుకుని జీతం తీసుకున్నాడు, యంత్రాలు ఆరాలి పాపం అని అందరికీ చెప్పాడు. యంత్రాలు ఆరే దాకా లోకం ఆగుతుంది, అతని కుర్చీ ఎవరూ తీసెయ్యరు. పిల్లలు ఆరే దాకా ఆగమంటే మాత్రం అది సుమిత్ర మొండితనం. పోస్టు పోతే ఉద్యోగమే మానెయ్, మా కొడుకు సాకలేడా అంది అత్తగారు. ఇంటి అప్పులో సగం కోడలి జీతంలోంచే కట్ అవుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినవాడు కొడుకు.

మూడు ఆదివారాలు సుమిత్ర వెలిమెల షెడ్ల వెంట తిరిగింది. "జీతమియ్యని తిరుగుడు నీకెందుకే? ఇంట్ల బట్టలు గట్లనే ఉన్నయి" అన్నాడు మల్లేష్, ఆ బట్టల మీద కూర్చునే. ఆమె ఇరవై నాలుగు మందిని కనుక్కుంది. ఇద్దరు మాత్రం తల్లిదండ్రులతో ఒడిశా వెళ్ళిపోయారు. రెండో తరగతి నిషిత ఒక షెడ్డు ముందు పది నెలల తమ్ముణ్ణి చంకనేసుకుని నిలబడి ఉంది. తల్లి ఇటుకలు మోసి అప్పుడే వచ్చింది. ఉన్న ఒక్క ప్లాస్టిక్ స్టూలును కొంగుతో తుడిచి టీచరుకు వేసి, తను నేల మీద కూర్చుంది.

"బడిల పేరు తీసెయ్యకుర్రి టీచర్. పేరుంటే మల్లొస్తది పిల్ల."

జడలు వేసిన ఆ ఉదయం పదకొండింటికి అధికారి వచ్చాడు. సత్తిబాబు బిస్కెట్ల పళ్ళెం తనే మోశాడు, అంత ముఖ్యమైన రోజు అది. అధికారి రిజిస్టరు తెరిచి పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. పిల్లలు బాగా చేశారు. చినరాములు అంటే ప్రైవేటు బడి పిల్లాడు లేచాడు, సుమయ్య అంటే ఇంకో పిల్ల లేచింది.

"నిషిత."

సృజన లేచి, చేతులు కట్టుకుని, "ప్రెజెంట్ సార్" అంది. ఒక్క తప్పు లేదు. అధికారి టిక్కు పెట్టాడు.

ఎంత తేలిక. ఆ టిక్కుతో నిషిత బడిలో ఉంది. బడిలో ఉన్న పిల్ల కోసం ఎవరూ వెతకరు, ఆటో పంపమని అడగరు, ఏ కాగితంలోనూ ఆమె తప్పిపోయినట్టు ఉండదు. వానకు గదే పోయింది. పేరు మాత్రం సుమిత్ర చేతుల మీదుగా పోయింది, శుభ్రంగా జడ వేసి మరీ.

ఆమె లేచి నిలబడింది. "ఆ పిల్ల నిషిత కాదు సార్."

సత్తిబాబు నవ్వాడు. మేడంకు వారం నుంచి ఒంట్లో బాగాలేదని, ఇంట్లో పరేషాన్లున్నాయని, వాళ్ళాయనకు ఫోన్ చేస్తానని అధికారికి చెప్పాడు. ఆడమనిషి నిజం మాట్లాడితే ముందు ఆమె మొగుడికి కబురు పంపాలని అతనికి ఎవరు నేర్పారో గాని, బాగా నేర్పారు.

అధికారి పెన్ను కింద పెట్టాడు. "మేడం, నేనొచ్చింది గదిల తలకాయలు లెక్కపెట్టనీకి. నలభై ఒకటి రాస్తే పోయేది మీ పోస్టే. తెలుసా?"

"తెలుసు సార్. నలభై ఒకటి రాయుండ్రి. ఇరవై నాలుగు మంది ఏడున్నరో గూడ రాయుండ్రి. ఇద్దరు రాష్ట్రం దాటిన్రు, అది గూడ."

ఆమె సత్తిబాబు సొరుగు తెరిచి అర్జీ తీసి, ఆదివారాలు తిరిగి షెడ్ల వారీగా రాసుకున్న పేర్ల జాబితాతో కలిపి అతని ముందు పెట్టింది. రిజిస్టరు మూసి చంకలో పెట్టుకుంది.

"రిజిస్టర్ బడి దాటొద్దు మేడం" అన్నాడు సత్తిబాబు.

"పిల్లలే దాటిన్రు సార్."

అధికారి రెండు పేజీలూ చదివాడు. చదవడం అతనికి కొత్త అయినట్టు నెమ్మదిగా చదివాడు. వెలిమెల ఎంత దూరమని అడిగాడు. వంటగది గుమ్మంలోంచి సర్వర్ బేగం, "జీపుల అర్ధగంట సార్, దారి నాకు తెలుసు, పదుండ్రి" అంది, అప్పుడే చేతులు కడుక్కుని.

పిల్లల్ని అంగన్‌వాడీ ఆయాకు అప్పగించి బయల్దేరారు. జీపులో సత్తిబాబు ముందు సీట్లో కూర్చున్నాడు. దారి పొడుగునా అధికారికి ఒకటే చెప్పాడు. ఆదివారాలు తిరిగి పిల్లల్ని వెతకమని మేడంకు తనే చెప్పాడట, అర్జీ కూడా తన ఆలోచనేనట. సుమిత్ర వెనక కూర్చుని కిటికీలోంచి చూసింది. సర్వర్ బేగం ఆమె మోచేతిని ఒకసారి నొక్కి వదిలేసింది.

షెడ్ల మధ్య ఇసుక కుప్ప మీద అధికారి నిలబడి లెక్కపెట్టాడు. ఒక్కొక్కరూ తమ పేరుకు తామే పలికారు. ఇరవై నాలుగు. నలభై ఒకటితో కలిపితే అరవై అయిదు. పైవాళ్ళు ఒప్పుకుంటరో లేదో తాను చెప్పలేనని, చూసింది చూసినట్టు రాస్తానని అన్నాడు. అది పోస్టు దక్కినట్టు కాదు. సుమిత్రకూ తెలుసు.

ఎవరు ఏ షెడ్డులో ఉంటున్నారో రిజిస్టర్లో పేరు పక్కనే గుర్తు పెట్టమన్నాడు అధికారి. సత్తిబాబు చప్పున ముందుకొచ్చి రెండు చేతులూ చాచాడు. "ఇటియ్యండి మేడం, నేను రాస్త." ఆమె ఆ బడికి వచ్చిన తొమ్మిదేళ్ళలో అతను రాస్తానని అడగడం అదే మొదటిసారి.

సుమిత్ర ఆ చాచిన చేతులవైపు చూసింది. పక్కనే నిలబడ్డ నిషిత చంకలోంచి ముక్కు కారుతున్న పిల్లాణ్ణి తీసుకుని అతని చేతుల్లో పెట్టింది.

"జెర ఎత్తుకోండ్రి సార్. నిషితకు బడి టైమైంది."