రెండో సారయ్య

కడెం గేట్ల మీద నుంచి వరుసగా రెండో ఏడు వరద దుంకిన సంవత్సరం అది. ఆ ఏడు దసరా పోయాక ప్రేమ్‌సాగర్ మా ఇంటికి వచ్చాడు. మా వెనక వరుస క్వార్టర్‌లో ఉండే సదానందం కొడుకు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ పని చేసి, ఇప్పుడు ఇంట్లోనే కూర్చుని చేస్తున్నానంటాడు. ఏం చేస్తాడో కన్నతండ్రికే తెలియదు. బొగ్గుబాయి మనుషుల కథలు ఇంటర్నెట్‌లో పెట్టే దుకాణం ఒకటి తెరిచాడు. దానికేదో పేరుంది. మూడుసార్లు చెప్పాడు. గుర్తు పెట్టుకోవడానికి నాకు కారణం కనబడలేదు.

"తాతా, నీ ముచ్చట జెప్పు. దునియా మొత్తం సదువుతది," అన్నాడు.

"దునియాకు పనేం లేదా?"

నవ్వి, ఫోన్‌ను మంచం మీద నా మోకాలి పక్కన పెట్టాడు. పుస్తకం లేదు, పెన్ను లేదు.

"రాసుకోవా?"

"గదే ఇంటది, గదే రాస్తది. సాఫ్ట్‌వేర్ తాతా. నేను కడకు ఓసారి చూస్త, గంతే."

నాకు మాటలు తక్కువ. బాయిలో ముప్పై ఏళ్లు దిగినవాడికి నోటికంటే చెవితో పని ఎక్కువ. గడ్డపారతో పైకప్పును తట్టి, వచ్చే చప్పుడును బట్టి అది నిలుస్తుందో కూలుతుందో తెలుసుకోవాలి. అతను అటు చూసినప్పుడు ఆ ఫోన్‌ను కూడా గోటితో తట్టి చూశాను. డొల్ల చప్పుడే వచ్చింది.

చెప్పాల్సింది రెండు ముక్కల్లో చెప్పాను. "గోదారి వరద ఏడు, రెండో షిఫ్టుల కప్పు కూలింది. సారయ్య ముందుగల్ల ఇన్నడు. ఊతం దుంగకు భుజం పెట్టి ముగ్గుర్ని బయటికి దొబ్బిండు. గంతే."

అతనికి అది చాలలేదు. భయమైందా, దేవుడు యాదికొచ్చాడా, భార్య యాదికొచ్చిందా అని అడిగాడు. అన్నిటికీ "ఊ" అన్నాను. కథ చెప్పాల్సింది నేను. చెబుతున్నది వాడు, ఊ కొడుతున్నది నేను.

నా పేరు సారయ్యే. కాని దుంగకు భుజం పెట్టిన సారయ్య నేను కాదు. మా షిఫ్టులో సారయ్యలు ఇద్దరం. రెండోవాడి అసలు పేరు అంతయ్య. మా ఇద్దరిదీ ఖానాపూర్ పక్కన ఒకటే ఊరు. పొరుగూరి సారయ్య అనే అతనికి బాయిలో పనికి పిలుపు వస్తే, చచ్చినా చీకట్లోకి దిగనన్నాడు. ఆ కాగితం పట్టుకుని అంతయ్య దిగాడు. అప్పట్లో అలా వేరేవాళ్ల పేరు మీద దిగినవాళ్లు చాలామంది. హాజరు పుస్తకంలో ఏ పేరుంటే ఇక అదే పేరు. అవ్వ పెట్టిన పేరు పరాయివాళ్ల ముందు నోట రాకూడదు. వచ్చిందా, పని పోయినట్టే. అంతయ్య కప్పు కింద ఉండిపోయి ముప్పై ఏడేళ్లు. అయినా నా నోట అతను సారయ్యే. అలవాటు కొద్దీ అదే పేరు వచ్చింది.

నాలుగు రోజుల తరువాత నా కోడలు రమ ఫోన్ పట్టుకుని నవ్వుతూ వచ్చింది.

"మామా, నీ కథ వచ్చింది. 'మృత్యువును భుజాన మోసిన వీరుడు సారయ్య' అట."

చదవమన్నాను. చదివింది. నల్లబంగారు లోకంలో నేనొక వెలుగురేఖనట. ఈ జూలైలో వరదలు ముంచెత్తిన వేళ గని పైకప్పును ఒంటి భుజాన ఆపి ముగ్గురిని కాపాడానట. గోదావరి వరద ఏడు అంటే, ఆ రాసే దానికి ఈ ఏటి వరద తప్ప మరొకటి తెలియదు. నాకు డెబ్భై తొమ్మిదేళ్లు. పని నుంచి దిగిపోయి పంతొమ్మిదేళ్లు. నాలుగు వేల మంది మెచ్చుకున్నారు. ఆ నాలుగు వేల మందిలో ఒక్కడికీ ఇదేమిటన్న అనుమానం రాలేదు.

"ఇగో, గిది ఇను. 'ఆ క్షణంలో నా భార్య చిరునవ్వు కళ్ల ముందు కదలాడింది, అని సారయ్య కన్నీటితో చెప్పారు.'" రమ చదవడం ఆపింది. "మామా, అత్త నవ్వంగ నువ్వెప్పుడు జూసినవ్?"

"నేను ఏడ్వంగ నువ్వెప్పుడు జూసినవ్?" అన్నాను.

చాయ్ హోటల్‌కు పోతే రోజూ అక్కడే కూర్చునే పర్శరాములు లేచి నిలబడి దండం పెట్టాడు. "వీరుడొచ్చిండు, జరగుండ్రి! ఓ తాతా, మా ఇంటి రేకులు గూడ ఊగుతున్నయ్, జర భుజం పెట్టిపో!" అందరూ నవ్వారు. చాయ్ తాగకుండా ప్రేమ్‌సాగర్ ఇంటికి నడిచాను.

"గది తీసెయ్," అన్నాను.

"ఎందుకు తాతా? మస్తు నడుస్తుంది!"

"తప్పు."

"ఏది తప్పో జెప్పు, నిమిషంల మారుస్త. గదే గద ఇంటర్నెట్ అంటే. పేపర్ లెక్క గాదు, అచ్చయినంక గూడ మార్చుకోవచ్చు."

అచ్చయ్యాక కూడా మార్చుకోవచ్చట. అందుకే అచ్చు కాకముందు ఎవడూ చూడడు.

"దుంగ మోసింది నేను గాదు."

"మరెవలు?"

అంతయ్య భార్య దేవవ్వ 'సారయ్య భార్య' అనే కాగితం మీద పెన్షన్ తీసుకుంటోంది. వీడికి ఒక్క పేరు చెబితే సాయంత్రానికి నాలుగు వేల మంది నోట్లో ఉంటుంది.

"సారయ్య అని నువ్వే అన్నవు గద! ఇనిపియ్యాల్నా?" వేలితో నొక్కాడు. నా గొంతే. సారయ్య అనే అంది.

"బాయి గేటు కాడ రాయి మీద సచ్చిపోయినోళ్ల పేర్లున్నయ్. అండ్ల సారయ్య అని ఉంది. సూడలేదా?"

"గట్లనా? మరి ఇద్దర్ని కలిపేసిందేమో తాతా. చిన్న బగ్. ఫికర్ జెయ్యకు."

బగ్ అంటే పురుగట. బియ్యంలో పురుగు పడితే మా అవ్వ చాటలో పోసి చెరిగేది. వీళ్లు దానికొక పేరు పెట్టి అలాగే వండి వడ్డిస్తారు.

"అయినా తీసేసి లాభం లే. తొమ్మిది సైట్లోళ్లు ఎత్తుకున్నరు. రేపు పొద్దుగాల కమ్యూనిటీ హాల్ల నీకు సన్మానం. శాలువా గూడ తెచ్చినం."

లోపలి గదిలోంచి సదానందం తలుపు దాకా వచ్చాడు. నా మొహం చూసి తల దించుకున్నాడు. అంతయ్య బయటికి దొబ్బిన ముగ్గురిలో ఒకణ్ణి నేను, ఒకడు సదానందం. మూడోవాడు ఇప్పుడు లేడు. కథ తన ఇంట్లోనే మంచం మీద పడుకుని ఉంటే, ఈ పిల్లగాడు ఫోన్ పట్టుకుని కాలనీ అంతా తిరిగాడు.

పొద్దు వాలుతుండగా దేవవ్వ ఇంటికి పోయాను. గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది.

"రా అన్నా. మా ఇంట్ల శాలువాలు లేవు. పీట మీద కూసో."

కూర్చున్నాను.

"ముప్పై ఏడేండ్ల సంది బజార్ల పోతుంటె, ముగ్గుర్ని కాపాడినోని పెండ్లాం అని తొవ్వ ఇచ్చేటోళ్లు. నిన్న నల్ల కాడ నీళ్లు వట్టంగ ఒక పోరి నన్ను పట్టుకోని, సారయ్య తాత బతికే ఉన్నడట గదా, ఫోన్ల వచ్చింది, మరి నువ్వెవల పెండ్లానివి అన్నది."

"నేను జెప్పలే చెల్లె. అది రాసింది."

"అది రాసింది!" చేతిలోని ఈనెలు నా కాళ్ల దగ్గర పారేసింది. "నోరు నీది, పేరు నీది. అది రాసిందట. దానికి అవ్వ ఉన్నదా, బాపు ఉన్నడా? దాని మొకం మీద ఉమ్మేద్దామంటే దానికి మొకమన్న ఉన్నదా?"

నిజమే.

"పేరు ఎట్లాగూ పాయె. చేసిన పని ఒక్కటి మిగిలె. అది గూడ మీరే తీస్కపోండ్రి."

"నిజం బయటికొస్తే నీ పెన్షన్ ఆగుతదేమో."

"ఆగితె ఆగనీ. పరాయి పేరు మీద గిన్నేండ్లు బువ్వ తిన్న. ఆయన పేరు నేనెన్నడు పల్కలే. పెనిమిటి పేరు నోట రావద్దని ఒకటి, పని పోతదని ఒకటి. నువ్వు గూడ పల్కకపోతివి. ఇగ ఎవలు పల్కాలె? ఆ ఫోనా?"

చిక్కుడుకాయల గిన్నె తీసుకుని లోపలికి పోయింది. లోపలి నుంచే అంది, "నువ్వు నోటితోని చెప్పకు. నీ నోటి మీద నాకు నమ్మకం పోయింది."

తెల్లవారి లేచి, తలుపులకు వేయగా మిగిలిన తెల్ల పెయింట్ డబ్బా, సన్న కుంచె తీసుకున్నాను. దేవవ్వను పిలుచుకుని మూతపడిన మా బాయి గేటు దగ్గరికి పోయాను. హాల్ దగ్గర మైకులో నా పేరు మోగుతోంది. రాయి మీద దుమ్ము తువ్వాలతో తుడిచాను. దేవవ్వ డబ్బా పట్టుకుంది. సారయ్య అన్న పేరు కింద జాగా కొద్దిగానే ఉంది. నా అక్షరాలు పెద్దవి. మోకాళ్ల మీద కూర్చుని రాశాను.

"ఏది ఆయన పేరు?" అంది దేవవ్వ.

చూపించాను. "తడి ఆరలే, ముట్టకు," అన్నాను. ముట్టుకుంది. వేలికి తెలుపు అంటింది. కొంగుకు తుడుచుకోలేదు.

ప్రేమ్‌సాగర్ శాలువా చంకలో పెట్టుకుని ఉరికి వచ్చాడు.

"తాతా, అందరు నీ కోసం పరేషానున్నరు! గీడేం జేస్తున్నవ్?"

"సదువు."

చదివాడు. "'అసలు పేరు అంతయ్య. దేవవ్వ పెనిమిటి. ముగ్గురిని బతికించిండు.' అంతయ్య ఎవలు తాతా?"

"ఇంటికి పోయి మీ బాపునడుగు."

వాడు కదలకుండా రాయి వైపు ఫోన్ పైకెత్తాడు. దేవవ్వ వేలు తగిలిన చోట అక్షరం కొంచెం చెదిరింది. నేను కుంచె ముంచి దాని మీద రెండో పూత వేశాను.