పద్నాలుగో పేజీ

మా చెల్లెలి పేరు మీద పూసిన నల్లరంగు ఈ ఉదయం కాగితం దిగి, నేల మీద నడిచి, గోడ ఎక్కుతుంది. ఫోటోలో ఉన్న నూకరత్నం కళ్ల మీద అడ్డంగా పడుకుంటుంది. తడిగుడ్డతో తుడుస్తాను. పోదు. గుడ్డ మాత్రం నల్లబడుతుంది.

నూకరత్నం మా ఊరి మంచినీళ్ల ప్లాంటులో పనిచేసేది. రెండేళ్ల కిందట వాల్వు ఊడి, క్లోరిన్ గ్యాసు లీకై, అక్కడే చనిపోయింది. తప్పు ఆమెదేనని ప్లాంటు గేటుకి పెద్ద అక్షరాలతో బోర్డు కట్టారు. ఆ బోర్డుకి ఏ నలుపూ అంటదు. వాల్వు పాడైందని ఆమె ముందే ఎవరికి చెప్పిందో దర్యాప్తు నివేదికలో పద్నాలుగో పేజీలో ఉంది. సమాచార హక్కు చట్టం కింద నేను అడిగింది ఆ ఒక్క పేజీ. వచ్చిందీ ఆ పేజీయే, పైనుంచి కిందదాకా నల్లగా. అడుగున ‘మినహాయింపు’ అన్న మాట మాత్రం తెల్లగా ఉంది.

ఒళ్లు మండిపోతుంది. ఫోటో, పేజీ సంచిలో పెట్టుకొని మున్సిపల్ ఆఫీసుకు వెళతాను.

సమాచార అధికారి అచ్యుతరావు నన్ను చూడగానే తల అడ్డంగా ఊపుతాడు.

"ఇస్తే దర్యాప్తుకి ఇబ్బందండి."

"అది ముగిసి ఏడాదైంది కదండీ."

"ముగిసింది కాబట్టే పడుకుందండి. లేపితే ఇబ్బందే కదా."

పక్కగది తలుపు కొంచెం తీసి చూపిస్తాడు. లోపల బల్ల మీద దర్యాప్తు దుప్పటి కప్పుకొని నిద్రపోతోంది. దానికి రెండు ఫ్యాన్లు తిరుగుతున్నాయి. మా చెల్లెలు పనిచేసిన గదిలో గాలి బయటికి తోసే ఫ్యాను ఒక్కటీ లేదు.

"పైగా ఇది మీ చెల్లెలు గారి సొంత విషయం. ఆవిడ ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టాలి."

"చనిపోయింది కదండీ."

"ఆ సంగతే ఆవిడ రాసిస్తే చాలండి."

అప్పీలు చేస్తానంటాను. అతను మర్యాదగా లేచి, బల్ల చుట్టూ తిరిగి, తెల్ల తువ్వాలు కప్పిన పెద్ద కుర్చీలో కూర్చుంటాడు. ఇప్పుడతను అప్పీలు అధికారి. తను ఖాళీ చేసిన చెక్క కుర్చీ వైపు చూసి, "ఏమయ్యా, ఎందుకివ్వలేదు?" అని గద్దిస్తాడు. గబగబా వెళ్లి ఆ చెక్క కుర్చీలో కూర్చొని, చేతులు కట్టుకొని, "రూల్సు ప్రకారమే సార్" అంటాడు. మళ్లీ తువ్వాలు కుర్చీలోకి వచ్చి, "బాగా చెప్పావు. అప్పీలు కొట్టేశాం" అంటాడు. అటూ ఇటూ తిరిగి అతనికి ఆయాసం వస్తుంది. నాకేం జాలి వెయ్యదు.

మినహాయింపులను అడ్డగోలుగా వాడకుండా చూసే పర్యవేక్షణ కమిటీ అదే వరండాలో ఉంది. పది అడుగులే. కానీ చేరేసరికి నా చెప్పులు అరిగి పట్టీలే మిగులుతాయి.

కమిటీ అధ్యక్షురాలు వైదేహి గారు నా పేజీ తీసుకొని, దాని మీది నలుపును టైలరు టేపుతో కొలుస్తారు.

"అంచులు తిన్నగా ఉన్నాయి. పూత సమంగా ఉంది. పరిమితిలోనే ఉందమ్మా."

"కింద ఏముందో చదివారా అండీ?"

"మేం చదవకూడదు. మాకూ నలుపు పూసే పంపుతారు."

"మరి పూసింది తప్పో ఒప్పో ఎలా తెలుస్తుంది?"

"నలుపు బాగుంటే ఒప్పేనమ్మా."

నా బుగ్గ మీద కూడా టేపు పెట్టి చూస్తారు. అక్కడో నల్ల చుక్క పడిందట. అదీ పరిమితిలోనే ఉందట.

సిగ్గూ ఎగ్గూ లేని మనుషులు. కడిగిపారేద్దామని నోరు తెరుస్తాను, కానీ నా మాటల్లో సగం నల్లగా బయటికొస్తున్నాయి. పేజీ లాక్కొని వెళ్లిపోతాను.

తిన్నగా మంచినీళ్ల ప్లాంటుకి వెళతాను. నీళ్లలో మురికి తియ్యడమే అక్కడి పని. నూకరత్నం పన్నెండేళ్లు ఆ పనే చేసింది. నీళ్లు వడగట్టే ఇసుక తొట్టిలో పేజీని ముంచి, చీర జాడించినట్టు జాడిస్తాను. నలుపు ఊడి ఇసుక మీదే ఆగిపోతుంది. అయితే అక్షరాలు కూడా ఊడి, చేపపిల్లల్లా ఇసుకలోంచి కిందికి దూరి, పైపుల్లోకి వెళ్లిపోతాయి. నా చేతిలో తెల్లకాగితం మిగులుతుంది. ఉన్న ఒక్క పేజీనీ నా చేతులతో నేనే పోగొట్టుకున్నాను. తొట్టి గట్టు మీద కూలబడి ఏడుస్తాను.

ఇంతలో ఊళ్లోకి నీళ్లు వదులుతారు. గేటు బయట కుళాయి దగ్గర ఒక ముసలావిడ దోసిలి పట్టి తాగి, "వాల్వు బిగవట్లేదని మే నెల్లో రాశానండి" అంటుంది. గొంతు నూకరత్నానిది. వెనకున్నామె తాగి, "జూన్‌లో మళ్లీ రాశానండి" అంటుంది. ఇద్దరూ బిందెలు నింపుకొని, చంకనెత్తుకొని పోతారు.

నేను ఆఫీసుకు పరిగెడతాను. అచ్యుతరావు తువ్వాలు కుర్చీలో కూర్చొని గ్లాసుడు నీళ్లు తాగుతున్నాడు. నన్ను చూసి గొంతు సవరించుకుంటాడు.

"అచ్యుతరావు గారూ, మూడోసారి కూడా మీకే రాశానండి," అంటాడు మా చెల్లెలి గొంతుతో. "గదిలో వాసన వస్తందండి. కళ్లు మండుతున్నాయండి."

అలవాటు కొద్దీ, జవాబు చెప్పడానికి లేచి చెక్క కుర్చీ వైపు వెళతాడు. అది ఖాళీగా లేదు. అందులో నీళ్లు కూర్చొని ఉన్నాయి, మనిషంత ఎత్తున, మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని. వాటికి మా చెల్లెలి కళ్లున్నాయి. అడ్డంగా ఏ నలుపూ లేదు.

తువ్వాలు కుర్చీ ఖాళీ అయింది. నేను వెళ్లి అందులో కూర్చుంటాను.

"ఏమయ్యా, వాల్వు ఎందుకు మార్చలేదు?" అని అడుగుతాను.

అతను రెండు కుర్చీల మధ్య నిలబడి నోరు తెరుస్తాడు. గడ్డం మీదుగా నల్లరంగు కారుతుంది. నీళ్లు కుర్చీలోంచి మెల్లగా లేచి, బల్ల మీది గ్లాసును నిండా నింపి, అతని నోటికి అందిస్తాయి.