దెబ్బ పడేదాకా

మా ఫ్యాక్టరీ పెద్ద మేనేజరు చలపతిరావుగారికి నడుము లేచే రోగం ఉండేది. డాక్టరు చూసే రోగం కాదది, గోల్ఫు కర్ర పట్టినప్పుడే వచ్చేది.

పటాన్‌చెరులో ఫ్యాక్టరీ వెనక రెండెకరాల బీడు చదును చేయించి, ఆదివారం పొద్దున తెల్లబంతిని కొట్టుకునేవారు. వంగి బాగానే నిలబడేవారు. కర్ర బంతిని తాకబోయే సమయానికి మాత్రం నిటారుగా లేచిపోయేవారు. బంతి నాలుగడుగులు దొర్లి ఆగేది. పక్కన గడ్డి కోస్తూ చూసేవాణ్ణి. ఇంకొకడైతే కడుపు పట్టుకుని నవ్వేవాడు. నా భార్య ఎలిజబెత్ పోయినప్పటి నుంచి నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. సమాధి చేసిన రోజు జనం నా పొడి కళ్లు చూసి, వీడిది రాతిగుండె అనుకున్నారు. అనుకోనీ అని ఊరుకున్నాను.

ఒక ఆదివారం ఆయనే పిలిచారు.

"దేవదానం, నువ్వు కొలిమి షెడ్డులో సమ్మెట కొట్టేవాడివి కదూ? దెబ్బ తగిలేదాకా వంగిన నడుము వంగినట్టే ఉండాలట. నాది లేచిపోతోందయ్యా. మీకెలా కుదురుతుంది?"

"గోడకు ఆనుకొని నేర్సుకుంటం సార్."

పదేళ్లు కొట్టాను. కొత్తవాడి పిరుదులు గోడకు ఆనించి సమ్మెట చేతికిస్తారు. దెబ్బ పడకముందే గోడను వదిలాడా, మేస్త్రి తిట్లకు చెవులు మూసుకోవాలి. నడుము లేస్తే సమ్మెట దారి తప్పుతుంది. ఎదురుగా పట్టకారుతో ఇనుము పట్టుకుని కూర్చున్నది మనిషి. ఇంకో కట్టడి కూడా ఉంది. మేస్త్రి తన చిన్న సుత్తితో, ఇనుము పెట్టి కొట్టే దాగలి మీద టంగుమనిపిస్తేనే ఆపాలి. అప్పటిదాకా ఆకాశం విరిగి పడ్డా తల ఎత్తకూడదు.

నేను ఎత్తాను. డెబ్బై మూడో సంవత్సరం వానాకాలంలో. సమ్మెట గాలిలో ఉండగా వాచ్‌మన్ ఓదెలు షెడ్డు గుమ్మంలో నుంచి అరిచాడు.

"దేవదానం! దవాఖాన నుంచి కబురొచ్చింది. నీ పెండ్లాం పాణం పోయిందంట!"

నేను లేచి నిలబడ్డాను. సమ్మెట దిగిపోయింది. పట్టకారు పట్టుకున్న మేస్త్రి సత్యరాజు, ఎలిజబెత్ సొంత అన్న. అతని ఎడమచేతి మూడు వేళ్లు నుజ్జయ్యాయి.

చెల్లెలి సమాధి దగ్గరికి అతను కట్టు కట్టిన చేత్తో వచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అతని పని పోయింది. నన్ను గడ్డికోతకు మార్చారు. అప్పటికి ఐదు నెలలుగా రుద్రారంలో అతని గడప తొక్కలేదు. ఏ మొహం పెట్టుకుని పోను? వేళ్లు ఎలాగూ తెచ్చివ్వలేను.

అందుకే ఆ రోజు మేనేజరుతో అన్నాను.

"మీకు నేర్పిస్త సార్. మా బావ సత్యరాజుకు గేటు కాడ పని ఇయ్యాలె. కుడిచెయ్యి మంచిగనే ఉన్నది."

"ముందు నా బంతి లేవనీ, చూద్దాం," అన్నారు.

గోడ దగ్గర నిలబెడితే కర్ర గోడకు కొట్టుకుంది. అందుకని ఆయన వెనక చతికిలబడి, వెదురుగడ అడ్డంగా పట్టుకున్నాను. ఆయన పిరుదులు గడకు ఆనాలి. బంతి పోయేదాకా వదలకూడదు. నాలుగు ఆదివారాలు ప్రార్థన మానేశాను. చర్చి గంట వినపడుతుంటే, దొరగారి పిరుదులు గడను వదిలాయా లేదా అని చూస్తూ కూర్చున్నాను. దేవుడు కూడా నవ్వుకునే ఉంటాడు.

"లేస్తున్నరు సార్."

"లేవలేదయ్యా!"

"లేసిండ్రు సార్."

ఆయనకు విసుగొచ్చి ఒకసారి కర్ర విసిరేశారు. ఆ నడుము కుదరకపోతే సత్యరాజుకు పని లేదు. కర్ర తెచ్చి మళ్లీ చేతికిచ్చాను.

ఐదో ఆదివారం ఆయన పిరుదులు గడకు ఆనినవి ఆనినట్టే ఉన్నాయి. టక్కుమని వినిపించింది. బంతి ప్రహరీ దాటి జొన్నచేలో పడింది. చలపతిరావుగారు చిన్నపిల్లాడిలా గంతేశారు. "మీ బావను రేపటి నుంచే రమ్మను," అన్నారు.

ఆ మధ్యాహ్నమే రుద్రారం పోయాను. సత్యరాజు అరుగు మీద కూర్చుని, ఎడమచేతికి మిగిలిన రెండు వేళ్లతో కందికాయ పట్టుకుని ఒలుస్తున్నాడు. నేను అరుగు ఎక్కలేదు.

"బావా, నీకు గేటు కాడ పని ఇచ్చిండ్రు. రేపే రమ్మన్నరు."

"గట్లెట్ల ఇచ్చిండ్రు?"

"దెబ్బ పడేదాక నడుము లేవకుంట ఉండుడు దొరకు నేర్పిన."

అక్కడితో ఆగుదామనే అనుకున్నాను. నోరు ఆగలేదు. "ఆనాడు నేను గూడ లేవకుంట ఉండాల్సింది బావా."

సత్యరాజు కందికాయ కింద పెట్టాడు.

"ఏం మాట్లాడుతున్నవ్? నా చెల్లె పోయిందన్న మాట ఇన్నంక గూడ నువ్వు వంగి ఇనుమే కొడితే నా చెయ్యి దక్కుతుండె. గని ఆ చెయ్యితోని నిన్ను ఎన్నడు ముట్టకపోదును."

ఆ రెండు వేళ్ల చేత్తోనే నా భుజం పట్టి, పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఎలిజబెత్ పోయిందని నాకు అప్పుడు తెలిసింది. అరుగు మీదే ఏడ్చాను, చాలాసేపు. అతని భార్య సౌభాగ్యమ్మ మంచినీళ్ల చెంబు తెచ్చి మా మధ్య పెట్టి లోపలికి పోయింది.