బొట్టు పెట్టిన డిస్కు

నాగవల్లి దేనికైనా ముందు నష్టం లెక్క వేసుకుంటుంది. లాభం సంగతి తర్వాత. ఆ సోమవారం పొద్దున కంప్యూటర్ మూడోసారి ఆన్ చేస్తే గానీ లేవకపోయేసరికి నిలబడ్డచోటే లెక్క కట్టింది. శ్రావణ మాసానికి తొమ్మిది రోజులు. ఒప్పుకున్న జాకెట్లు నూట అరవై. వాటి మీద పడాల్సిన డిజైన్లన్నీ, లోపల టకటకమంటున్న ఆ ఒక్క హార్డ్ డిస్కులోనే.

నరసరావుపేట మల్లమ్మ సెంటర్ పక్క సందులో ఆమెది కంప్యూటర్ ఎంబ్రాయిడరీ షాపు. మిషన్ ఎవరైనా కొనుక్కోవచ్చు. సూది ఎక్కడ దిగాలో ఎక్కడ లేవాలో చుక్కచుక్కా పెట్టి పదకొండేళ్లుగా తను తయారుచేసిన రెండు వేల డిజైన్లు మాత్రం ఇంకెవరి దగ్గరా లేవు. మాచర్ల నుంచి, గురజాల నుంచి పెళ్లివాళ్లు బస్సెక్కి వచ్చేది వాటి కోసమే.

కబురందుకుని ఎలీషా వచ్చాడు. ఊళ్లో సగం షాపుల కంప్యూటర్లు పదిహేనేళ్లుగా అతని చేతి మీదే నడుస్తున్నాయి. డిజైన్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించబోయాడు. నాలుగు ఎక్కాయి, కంప్యూటర్ బిగుసుకుపోయింది.

"డిస్కు పోయేట్టుందక్కా. క్లోనింగ్ చెయ్యాల. అంటే దీంట్లో ఉన్నది ఉన్నట్టు, సాఫ్ట్‌వేర్లతో సహా, కొత్త డిస్కులోకి దించటం."

ఆమెకు కావలసిందీ అదే. ఆ డిజైన్లు తెరుచుకునేది సూరత్ మనిషి ఒకడు ఎక్కించిన సాఫ్ట్‌వేర్‌లోనే. వాడు దుకాణం ఎత్తేశాడు, ఫోనూ ఎత్తడు. మళ్లీ ఎక్కించే దిక్కు లేదు.

"ఎస్సెస్‌డీ అని కొత్త రకం డిస్కు వేద్దామక్కా, బండి పరిగెత్తుద్ది," అన్నాడు ఎలీషా.

"నాకు పరుగెందుకు? ఇదే కంపెనీది, ఇంతే సైజుది తే. చీరకు జాకెట్టు ముక్క కలిపినట్టు కలవాల."

"ఇది గుడ్డ కాదక్కా."

"తెస్తావా తేవా?"

తెచ్చాడు. గుంటూరులో ఎవరిదో పాత స్టాకులో వెతికి, అచ్చం అలాంటిదే సాయంత్రానికి తెచ్చాడు. నాగవల్లి దగ్గరుండి పాత డిస్కు ఊడదీయించి, రెంటినీ ఇంట్లోకి పంపి జాగ్రత్త పెట్టించింది.

మంగళవారం పొద్దున బల్ల మీద తువ్వాలు పరిచి రెండు డిస్కులూ పెట్టి ఉన్నాయి. ఎలీషా ఒకదాన్ని చూసి, తను తెచ్చిన రెండరల డిస్కు పెట్టెలో ముందు అరలో గుచ్చాడు. రెండోదాన్ని వెనక అరలో గుచ్చాడు. పెట్టె కేబుల్ లాప్‌టాప్‌కి తగిలించాడు.

"మూడు సాఫ్ట్‌వేర్లున్నయ్యక్కా. మొదటిది ఉచితం, ఒక్క నొక్కు, అయిపోద్ది. రెండోది నెల రోజులు ఉచితం, సగం అయినాక డబ్బు కట్టమంటదని విన్నా. మూడోది నల్ల తెర, మౌసు కూడా పనిచెయ్యదు, ఊరికే ప్రశ్నలేస్తా ఉంటది. మొదటిదాంతో కానిద్దాం."

నాగవల్లి కుర్చీ దగ్గరికి లాక్కుంది. నూలు కంపెనీ ఏజెంట్లను కూర్చోబెట్టి అడిగే అలవాటు ఆమెది.

"చెడిపోయిన చోటు తగిలితే ఏం చేస్తయ్?"

"మొదటిది ఆగిపోద్ది. మూడోది దాటుకుని పోయి, చివర్లో మళ్లా వచ్చి చదవాలని చూస్తది."

"మధ్యలో కరెంటు పోతే?"

"ఇన్వర్టర్ ఉందిగా అక్కా. ఇట్టా అడుగుతా కూర్చుంటే ఆ డిస్కు మనల్ని అడక్కుండానే పోద్ది."

ఆ మాట గుచ్చుకుంది. ఆలస్యమూ ఖర్చేనని ఆమెకు తెలుసు. సరే కానియ్యమంది. ఎలీషా మొదటిది తెరిచాడు. తెర మీద రెండు పెట్టెల బొమ్మలు: డిస్క్ 1, డిస్క్ 2. రెండింటి కిందా సైజు 465 జీబీ అనే అంకె. మొదటిదాని నుంచి రెండోదానికి బాణం గుర్తు పెట్టాడు.

అప్పుడే అత్తగారు సుందరమ్మ మజ్జిగ గ్లాసులతో వచ్చింది. "ఏరా ఎలీషా, ఏది పాతదో ఏది కొత్తదో ఎట్టా తెలుస్తదిరా నీకు?"

"నువ్వేగా పెద్దమ్మా గుర్తు పెట్టింది! ప్రతి దసరాకీ కంప్యూటర్ డోరు తీసి డిస్కుకి బొట్టు పెడతావుగా. బొట్టున్నది పాతది. అది చూసి, దాన్నే ముందు అరలో పెట్టా."

"రెండింటికీ పెట్టానురా పొద్దున. కొత్త వస్తువు, ఒట్టిగా వాడతామా? పాతదాన్ని శుభ్రంగా తుడిచి దానికీ పెట్టా, చిన్నబుచ్చుకుంటదని."

ఎలీషా వేలు మీట మీదే నిలబడిపోయింది.

"ఏందీ?" అంది నాగవల్లి.

ఎలీషా వంగి చెవి పెట్టి విన్నాడు. నిన్నంతా మోగిన టకటక ఇప్పుడు లేదు. రెండూ ఒకే తీరున తిరుగుతున్నాయి.

"లోపల చూడు. ఖాళీగా ఉన్నదేగా కొత్తది?"

"ఇది లోపల చూపియ్యదక్కా. విండోస్‌లో తెరిచి చూడాలంటే నిన్నటి మాదిరి బిగుసుకుపోద్ది. ఈసారి లేవకపోవచ్చు. బయటికి పీకి చూద్దామన్నా, ఆపితే పాతది మళ్లీ తిరక్కపోవచ్చు."

నూట అరవై జాకెట్లకు చీటీలు కుట్టించే నాగవల్లి, రెండు డిస్కులకు చీటీ పెట్టలేదు. పైగా పట్టుబట్టి ఒకేలాంటివి కలిపింది కూడా తనే. ఇందులో ఎలీషా వాటా ఎంత, అత్తగారి వాటా ఎంత అని చూస్తే తన వాటాయే పెద్దదిగా తేలింది.

"నావల్లేనా ఇదంతా?" సుందరమ్మ గ్లాసులు కింద పెట్టేసింది.

"మీరు చెప్పబట్టే ఆగింది అత్తయ్యా. కూర్చోండి." ఆమె సొరుగు లాగి గుంటూరు బిల్లు తీసింది. ఏ సరుకైనా దాని మీదున్న నంబరు బిల్లులో రాయనిదే ఆమె ఒప్పుకోదు. దీనికీ ఫోన్ చేసి మరీ రాయించింది. "కొత్తదాని నంబరు ఇదిగో. తెర మీద నంబరు చూపించేది ఈ మూడింట్లో ఏది?"

ఎలీషా తల గోక్కున్నాడు. "ఆ ప్రశ్నలేసేదే."

నల్ల తెర వచ్చింది. రెండు వరుసలు, ఒక్కోదాని పక్కన పొడుగాటి నంబరు. నాగవల్లి బిల్లు తెరకు ఆనించి ఒక్కో అక్షరం పైకి చదివింది. రెండుసార్లు చదివింది. బిల్లు మీదున్న నంబరు ముందు అరలో డిస్కుది. ఇందాక ఎలీషా బాణం పెట్టింది అక్కడి నుంచే. నొక్కి ఉంటే ఆ ఖాళీ అంతా వచ్చి పదకొండేళ్ల పని మీద పరుచుకునేది.

ఎలీషా మజ్జిగ అందుకుని ఒక్క గుక్కలో తాగేశాడు.

ఈసారి బాణం తిప్పాడు. సాఫ్ట్‌వేర్ అడిగింది: ఈ నంబరు డిస్కులో ఉన్నదంతా పోతుంది, ఖాయమేనా? అవునని కొడితే మళ్లీ అదే అడిగింది.

"చాదస్తం దీనికి," అన్నాడు ఎలీషా.

"గుడ్డ కత్తిరించే ముందు నేనూ అడుగుతా. జరుగు." రెండోసారి అవునని నాగవల్లే కొట్టింది.

ఐదు గంటలు పట్టింది. మధ్యలో టకటక మళ్లీ మొదలైంది. వంద జీబీ దాటిన దగ్గర అంకె పావుగంట కదల్లేదు. ఆ పావుగంటా ఆమె బేరాలకు వచ్చినవాళ్లకు ఏం చెప్పి పంపిందో ఆమెకే గుర్తులేదు. కదిలింది. చివర్లో పన్నెండు చోట్ల చదవలేకపోయానని రాసి ఆగింది.

కొత్త డిస్కు బిగించి ఆన్ చేశారు. మొదటిసారికే లేచింది. సూరత్ సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. నాగవల్లి డిజైన్లు వరసగా తెరిచింది. మూడు తెరుచుకోలేదు. అందులో ఒకటి గురజాల పెళ్లిది. రెండు రోజులు కూర్చుంటే మళ్లీ చేయగలదు. రెండు వేలలో మూడు. ఆ నష్టాన్ని ఆమె వెంటనే ఒప్పేసుకుంది.

పాత డిస్కు చల్లారాక జాకెట్లకు కట్టే చీటీ ఒకటి తెచ్చి, పెద్ద అక్షరాలతో 'పాతది' అని రాసి దారంతో కట్టింది. కంప్యూటర్ డోరు తీయించి కొత్తదానికీ ఒకటి కట్టింది.

సుందరమ్మ కుంకుమ భరిణెతో గుమ్మంలో నిలబడింది. "ఈసారి దసరాకి పెట్టనా, మాననా?"

"పెట్టండత్తయ్యా. చీటీ మీద మాత్రం పడనీయొద్దు."