కుడిపక్క

దుక్కాలా మైదానంలో గుర్రాన్ని లొంగదీయడమంటే మగవాళ్లకు తమాషా. దవడకు ఇనపకడియం బిగించి, నోట్లోంచి నెత్తురు కారేదాకా గుంజి, చివరికి దారికొచ్చిందని మీసం దువ్వుకుంటారు. ఆ తంతు చూస్తేనే హద్దాకు ఒళ్లుమంట. ఆమె నేలమీద నిలబడే మచ్చిక చేస్తుంది. ఒక పగ్గం, ఖాళీ చేతులు, బోలెడంత ఓపిక. అడిగినట్టు ఒక్కడుగు వేస్తే చాలు, పగ్గం వదులు చేస్తుంది. గుర్రానికి అదే బహుమానం.

ఈ ఏడు ఆమె చేతికొచ్చింది బూడిదరంగు పిల్లగుర్రం. దాన్నెక్కి, జాతరలో స్వారీ చేసే ఆడవాళ్ల గుర్రపు జట్టులో చేరాలని కూతురు ఇజ్జాకు ప్రాణం. జాతర ముందు శుక్రవారం జట్టు నాయకురాలు గన్నూ చూడటానికొస్తుంది. ఇజ్జాను మోస్తూ అది కుదురుగా నిలబడితే చోటు ఇజ్జాది, లేకపోతే ఇంకో పిల్లది.

గుర్రానికి ఎడమపక్క నేర్పింది కుడిపక్కకు అందదు. అటు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాల్సిందే. అందుకని హద్దా ముందు ఎడమవైపే నిలబడి పనంతా చేసింది. అది కుదిరాక ఓ పొద్దున కుడివైపుకు వెళ్లింది. బెదిరి తన్నుతుందని కాచుకునే ఉంది.

పిల్లగుర్రం బెదరలేదు. తల దించింది. ఆమె చెయ్యి వెయ్యకముందే కాలెత్తి డెక్క అందించింది. ఎవరో తనకంటే మెత్తగా, తనకంటే తీరుగా నేర్పారు. హద్దాకు ముందు ఉక్రోషం వచ్చింది, తర్వాతే భయమేసింది.

"దీని కుడిపక్క నువ్వేమన్నా తిరిగావటే?" అని ఇజ్జానడిగింది.

"నేనా? నువ్వు రానిస్తేగా. దాని నీడ తొక్కినా తిడతావు."

అరుగుమీద పుదీనా గిల్లుతున్న అత్త తలెత్తింది. "ఏమే, మొదటిరోజు చెయ్యేసేటప్పుడు బిస్మిల్లా అన్నావా?"

"అనకుండా ఉంటానా అత్తా," అని హద్దా నాలిక్కరుచుకుంది. ఆ రోజు రెండు చేతులూ కావాల్సొచ్చి పగ్గాన్ని పళ్లతో పట్టుకుంది. ఇక నోరు పెగిలేదెలా? "మనసులో అనుకున్నాను."

"మనసులో అనుకుంటే వాళ్లకెలా వినబడుద్దే? దేవుడి పేరెత్తకుండా ముట్టుకున్నావు. నువ్వు ఒక పక్క పట్టుకుంటే, రెండోది వాళ్లు పట్టుకున్నారు. మట్టికిందుండే ఆ జిన్నులకు మాత్రం గుర్రాలంటే మోజుండదా?"

"పోనీ, ఇప్పుడంటాను."

"పెళ్లయ్యాక పిల్లను చూడ్డానికొచ్చినట్టుంది నీ వరస."

అయినా హద్దా ఆ రోజునుంచి ముట్టుకున్నప్పుడల్లా గొంతెత్తి దేవుడి పేరు చెప్పింది. పిల్లగుర్రం చక్కగా వినేది. ఆమె అడుగు వెయ్యమంటే మాత్రం కుడిచెవి అటువైపుకు తిప్పి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు వేసేది. పగ్గం పట్టి నడిపిస్తే కుడిపక్కనున్న నాగజెముడు కంచెకు మనిషి పట్టేంత ఎడం వదిలి నడిచేది. హద్దా దాన్ని కంచెవైపు నెట్టి చూసింది. కదల్లేదు. అక్కణ్ణుంచి ఆమెకు తిండి సయించలేదు. కూతురికి చెబుదామంటే, ఆ పిల్ల ముఖంలో సంబరం చూసి నోరు రాలేదు.

శుక్రవారం ప్రార్థన అయ్యాక గన్నూ వచ్చి అరుగుమీద కూర్చుంది. ఎండ చిటపటలాడుతోంది. హద్దా జీను బిగించి, ఎదురుగా నిలబడి, రెండు చేతులా కళ్లెం పట్టుకుంది. చూపంతా పిల్లగుర్రం కళ్లమీదే పెట్టింది.

"రామ్మా, నెమ్మదిగా ఎక్కు."

జీను తోలు కిర్రుమంది. పిల్లగుర్రం బరువుకు కాళ్లు కాస్త ఎడం చేసి, నడుం సర్దుకుని, రాయిలా నిలబడింది. హద్దా గుండె కుదుటపడింది. ఇన్నాళ్లూ ఊరికే హడలిపోయానని తనమీద తనకే నవ్వొచ్చింది.

"నడుం నిటారుగా పెట్టవే," అంది.

"ఇంకా ఎక్కలేదమ్మా," అంది ఇజ్జా, అరుగు దగ్గర్నుంచి. "తలగుడ్డ కట్టుకుంటున్నా."

హద్దా తలెత్తింది. జీను ఖాళీగా ఉంది. కుడివైపు రికాబు తోలుపట్టీ మాత్రం ఎవరో కాలు మోపినట్టు బిగిసి ఉంది. ఇజ్జా పరుగున వచ్చి ఎడమ రికాబులో కాలు పెట్టబోయింది. హద్దా కూతురి చెయ్యి పట్టి వెనక్కి లాగేసింది.

"వద్దు. నువ్వెక్కొద్దు."

"అంత కుదురుగా నిలబడితేనూ?" అంది గన్నూ.

"ఇది నేను నేర్పింది కాదు తల్లీ. చోటు ఇంకో పిల్లకిచ్చెయ్."

ఇజ్జా బావురుమంది. హద్దా కళ్లెం వదిలేసింది. పిల్లగుర్రం కుడివైపుకు మెడ వంచి, ఎవరో అదిలించినట్టు గేటు దాటి నడిచింది. అంత అందంగా నడిచిన గుర్రాన్ని హద్దా తన జన్మలో చూడలేదు. ఆమె కడుపుమంటంతా దానికే.