ముందు పెట్టె

ఉమామహేశ్వరరావు ఫస్ట్ క్లాస్ సీజన్ టికెట్ కొన్నానని చెప్పేటప్పటికి హైమావతి పొయ్యి దగ్గర ఉప్మా కలుపుతోంది. చేతిలో గరిటె ఆగిపోయింది.

"అరగంట ప్రయాణానికి ఫస్ట్ క్లాసెందుకండీ?"

"టేబులుంటుంది. పని చేసుకోవచ్చు," అన్నాడాయన. టిఫిన్‌కి ఆగకుండానే బూట్లు తొడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

ఆమెకి నమ్మబుద్ధి కాలేదు. స్టీవెనేజ్‌లో ఇల్లు కొన్నప్పటి నుంచీ భార్యాభర్తలిద్దరూ ఒకే రైలెక్కి లండన్ వెళ్తున్నారు. ఆమె మత్తు డాక్టరు. సెయింట్ పాంక్రాస్‌లో దిగి ఆసుపత్రికి నడిచిపోతుంది. ఆయన మరి నాలుగు స్టేషన్లు ముందుకెళ్ళి ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో పని చేస్తాడు. ఫస్ట్ క్లాస్ మాటెత్తితే నవ్వే మనిషి ఆయన. "పట్టాలొకటే, డ్రైవరొకడే, ఆలస్యమైతే అందరికీ ఒకటే ఆలస్యం. తల ఆనించుకునే చోట గుడ్డముక్క తగిలించి డబ్బులు గుంజుతున్నారు," అనేవాడు. ఆ గుడ్డముక్క జోకు ఎన్నిసార్లు చెప్పేవాడంటే, ఆయన నోరు తెరవకముందే సిరి "నాన్నా, ప్లీజ్, నాట్ ద గుడ్డముక్క ఎగైన్!" అని చెవులు మూసుకునేది.

సిరి వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. షెఫీల్డ్‌లో రెండో ఏడు చదువుతూ, ఒక బుధవారం తలనొప్పిగా ఉందని పడుకుంది. మర్నాడు ఫ్లాట్‌లో పిల్లలు అంబులెన్స్ పిలిచారు. తల్లీతండ్రీ వెళ్ళేసరికి వెంటిలేటర్ మీద ఉంది. మెనింజైటిస్. అక్కడి డాక్టర్లు చెయ్యాల్సిందంతా చేశారు. హైమావతికి ఆ సంగతి తెలుసు. తెలియడం వల్ల ఒరిగిందేమీ లేదు. ఎవరినైనా తిట్టుకునే వీలు కూడా లేకుండా పోయింది.

ఆ తర్వాత వాళ్ళింట్లో ఆ పేరు వినపడటం మానేసింది. మానేద్దామని ఇద్దరిలో ఎవరూ అనుకోలేదు. ఒకరు మొదలుపెడితే రెండోవాళ్ళు తట్టుకోలేరని ఎవరికి వారే నోరు కట్టేసుకున్నారు. ఇంట్లో ఏదో ఒక పని అడ్డుగా ఉండేది. రైల్లోనే కష్టం. ఎదురెదురు సీట్లలో మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుని, ఆయన కిటికీలోంచి చూసేవాడు, ఆమె ఫోను చూసేది. పొలాలు పోయి ఇళ్ళొచ్చేవి, ఇళ్ళు పోయి సొరంగాలొచ్చేవి. ఒక్క మాట పుట్టేది కాదు.

అలాంటి రోజుల్లో కొన్నాడు ఆ టికెట్.

మొదటి రోజు ప్లాట్‌ఫారం మీద ఆయన కాసేపు తటపటాయించాడు. "నేనటు వెళ్తాను మరి," అని, పొడుగాటి రైల్లో ఆ చివరనుండే మొదటి పెట్టె ఆగే చోటుకి నడిచిపోయాడు. హైమావతి అలవాటైన చోటే నిలబడి, ఆయన వీపు చిన్నదైపోవడం చూసింది. నాతో అరగంట కూర్చోకుండా ఉండటానికి ఈయన ఇంత డబ్బు కడుతున్నాడు, అనుకుంది. ఆ ఆలోచన ముల్లులా దిగి, మరి బయటికి రాలేదు.

స్టాన్‌మోర్‌లో కమలాదేవి ఇంట్లో ఒక ఆదివారం భోజనాల దగ్గర ఈ సంగతే చర్చకొచ్చింది. కమలాదేవి, హైమావతి కాకినాడలో కలిసి మెడిసిన్ చదువుకున్నారు. ఆమె భర్త రాజారావుకి ఏ వస్తువు కొన్నా బేరం తేల్చందే ముద్ద దిగదు.

"ఏంటి బావగారూ, ఫస్ట్ క్లాసంట! ఆ లైన్లో సీట్లలో తేడా ఏముందని? పైగా రైలు కిక్కిరిసిపోతే డ్రైవరే అందర్నీ ఫస్ట్ క్లాస్‌లో కూర్చోమని చెప్పేస్తాడు. మీరు డబ్బు కట్టి కూర్చున్న సీటు పక్కన ఉత్త టికెట్‌వాడు దర్జాగా కూర్చుంటాడు. గిట్టుబాటేనా చెప్పండి?"

"కాదులెండి," అన్నాడు ఉమామహేశ్వరరావు పప్పన్నం కలుపుతూ.

"మరి?"

"కాస్త నిశ్శబ్దంగా ఉంటుంది."

కమలాదేవి చప్పున స్నేహితురాలి వంక చూసింది. హైమావతి మంచినీళ్ళ గ్లాసు ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకుంది. నిశ్శబ్దమట! వాళ్ళింట్లో ఉన్నదంతా అదేగా. అది చాలక ఇంకా కొనుక్కుంటున్నాడా?

జూలైలో ఎండలు ముదిరాయి. ఒకనాటి పొద్దున రైలు హాట్‌ఫీల్డ్ దాటాక పొలాల మధ్య ఆగిపోయింది. ఎండకి పట్టాలు వేడెక్కి బళ్ళన్నీ మెల్లగా పోతున్నాయన్నారు, కాసేపటికి అసలు కదల్లేదు. హైమావతి పెట్టెలో మనుషులు భుజాలు రాసుకుంటూ నిలబడి ఉన్నారు. అప్పుడు స్పీకర్లో డ్రైవరు గొంతు వినిపించింది. ముందు పెట్టెలో ఒకరికి ఒంట్లో బాగోలేదు, రైల్లో డాక్టర్లెవరైనా ఉంటే దయచేసి రావాలి.

ముందు పెట్టె అనే మాట తర్వాత ఆమెకింకేమీ వినపడలేదు.

"ఎక్స్‌క్యూజ్ మీ, ఐయామ్ ఎ డాక్టర్," అంటూ జనాన్ని తోసుకుని బయల్దేరింది. ఒక పెట్టె, ఇంకో పెట్టె, మళ్ళీ ఇంకోటి. ఈ రైలింత పొడుగని ఎన్నడూ తోచలేదు. ఆయన పొద్దున బీపీ మాత్ర వేసుకున్నాడా? ఏ చొక్కా తొడుక్కున్నాడు? గుర్తు రావడం లేదు. అసలు ఆయన ముఖం చూసి ఎన్నాళ్ళయింది? షెఫీల్డ్ ఆసుపత్రి వరండా కళ్ళ ముందు పరుచుకుంది. ఇంకోసారి వద్దు, ఇంకొక్కసారి నా వల్ల కాదు, అని పైకే అనేసింది. తెలుగులో అనడం వల్ల ఎవరికీ అర్థం కాలేదు.

ముందు పెట్టెలో ఉమామహేశ్వరరావు నేల మీద మోకాళ్ళూని కూర్చున్నాడు. తన కోటు మడిచి ఒక పెద్దావిడ తల కింద పెట్టి, పేపరుతో విసురుతున్నాడు.

హైమావతి ముందు ఆయన భుజం పట్టుకుంది. గట్టిగా, చొక్కా నలిగేలా. ఆ తర్వాతే కిందికి వంగి రోగి చెయ్యి అందుకుంది.

భయపడాల్సిందేమీ కాదు. వేడికి కళ్ళు తిరిగి పడిపోయింది. కాళ్ళెత్తి పట్టించి, నాడి చూస్తూ కూర్చుంటే కాసేపటికి పెద్దావిడ ముఖంలోకి రంగు వచ్చింది. ఎవరో ఇచ్చిన నీళ్ళు నాలుగు గుక్కలు తాగింది. కళ్ళు నిలిపి హైమావతిని చూసింది. చూసి, ఎన్నాళ్ళ నుంచో ఎరిగిన మనిషిలా నవ్వింది.

"నువ్వు సిరి వాళ్ళమ్మవి," అంది ఇంగ్లీషులో.

హైమావతి వేళ్ళు ఆవిడ మణికట్టు మీదే ఉండిపోయాయి.

"మీ ఆయన చూపించిన ఫొటోలో పిల్లలాగే ఉన్నావు. నేను మోరీన్‌ని, రోజూ మీ ఆయన ఎదుటి సీటు నాదే. మీ అమ్మాయి నన్ను ఎంత నవ్వించిందో! మూడుసార్లు డ్రైవింగ్ టెస్ట్ తప్పి, తప్పంతా స్టీవెనేజ్ కూడళ్ళలోని రౌండెబౌట్లదేనని కౌన్సిల్‌కి ఉత్తరం రాస్తానందట కదా?"

ఉమామహేశ్వరరావు కోటు దులుపుతూ తల పక్కకి తిప్పుకున్నాడు. హైమావతి "అవును" అంది. తన కూతురి పేరు, తన కూతురి అల్లరి, వేరే మనిషి నోట్లోంచి ఇంత తేలిగ్గా బయటికొస్తున్నాయి. ఆకలిగా ఉన్నవాళ్ళకి పక్కింటి వంట వాసన తగిలినట్టయింది ఆమెకి.

రైలు కదిలింది. సెయింట్ పాంక్రాస్‌లో స్టేషన్ వాళ్ళు చక్రాల కుర్చీ తెచ్చి మోరీన్‌ని తీసుకెళ్ళారు. భార్యాభర్తలు ఆ భూగర్భ ప్లాట్‌ఫారం మీద, వచ్చేపోయే జనం మధ్య, ఇద్దరే మిగిలారు. ఆయన అక్కడే దిగిపోయాడు. దిగక తప్పదని ఆయనకీ తెలుసు.

"పని చేసుకోవడానికన్నారు."

"మొదట్లో అదే అనుకున్నా హైమా. ఒకరోజు ఆవిడ పిల్లలెంతమందని అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు. లేరంటే అబద్ధం, ఉందంటే అబద్ధం. అలా మొదలైంది."

"ఊరూ పేరూ తెలియని మనిషితో చెప్పుకున్నారు. నాతో ఒక్క ముక్క అనలేదు."

"తెలియని మనిషి గనకే చెప్పగలిగాను. నీ ఎదురుగా కూర్చుంటే నావల్ల కావట్లేదు. నీ ముఖంలో అదే కనిపిస్తోంది. ఆ కనుబొమ్మలు, ఆ గడ్డం... నువ్వు ఫోను చూస్తూ తల వంచుకుంటే అచ్చం అదే కూర్చున్నట్టుంటుంది. అరగంట సేపు నన్నెటు చూడమంటావు?"

ఆమె కోపం తెచ్చుకుందామనుకుంది. రాలేదు.

"పొద్దున్నే పళ్ళు తోముకుంటుంటే అద్దంలో నాకూ అదే కనిపిస్తుందండీ," అంది నెమ్మదిగా. "మీకైతే ముందు పెట్టె ఉంది. నేను ఏ పెట్టె ఎక్కను?"

తర్వాతి రైలు వచ్చి, తలుపులు తెరుచుకుని, మూసుకుని, వెళ్ళిపోయింది. ఆమెకి ఆపరేషన్ థియేటర్‌లో టైమవుతోంది. ఆయన మెట్ల దాకా వచ్చి ఆగిపోయాడు.

మర్నాడు ఉమామహేశ్వరరావు ముందుకి నడవలేదు. ఆమె పక్కనే నిలబడి, ఆమె పెట్టెలోనే ఎక్కాడు. ఎదురుగా కాకుండా పక్కన కూర్చున్నాడు. "పొద్దున చట్నీ బాగుంది," అన్నాడు. "ఊఁ," అంది ఆమె. ఆ వారమంతా అంతే. ఒకసారి ఆయన "సి..." అని మొదలుపెట్టి దగ్గుగా మార్చేశాడు. ఇంకోసారి ఆమె నోటి దాకా వచ్చిన మాటను పక్కనున్న కుర్రాడి హెడ్‌ఫోన్స్ మోత మింగేసింది. మొగుడు పక్కన ఉన్నాడన్న మాటే గానీ, ఇద్దరికీ ఊపిరాడటం లేదు. ఆయన కళ్ళ కింద నలుపు ముదరడం ఆమె చూసింది. డాక్టరు కళ్ళతో చూసింది, భార్య కళ్ళతోనూ చూసింది.

శుక్రవారం ప్లాట్‌ఫారం మీద ఆమే అంది: "మీరు ముందుకెళ్ళండి."

"కోపమా?"

"కాదు. ఆవిడెలా ఉందో కనుక్కోండి. అమ్మాయి గురించి ఏం చెప్పాలనిపిస్తే అది చెప్పండి. కానీ సాయంత్రం ఇంటికొచ్చి, ఆవిడతో చెప్పిందంతా నాకు చెప్పాలి. ఆవిడ ఏమందో అది కూడా. అమ్మాయి కబుర్లుగా కాదు, మోరీన్ కబుర్లుగానే చెప్పండి. అలాగైతే వినగలనేమో."

ఆయన ఆమె వంక పూర్తిగా చూడలేక, చేతిలో సంచీ వంక చూసి తలూపాడు. ముందుకి నడిచాడు. ఆ వెళ్ళడం ఆమెకి ఇష్టమై కాదు. చెయ్యి జారిపోతున్న మనిషికి ఉన్న ఒక్క ఆసరా తనే లాగెయ్యలేక పంపింది.

ఆ టికెట్ గడువు తీరినప్పుడు రాజారావు ఫోనులో మళ్ళీ పట్టుకున్నాడు. "ఇంకో ఏడాదికి కట్టారా? శుద్ధ దండగమ్మా!"

"దండగే అన్నయ్యగారూ," అంది హైమావతి. "నేనే కట్టమన్నాను."

అదంతా తర్వాతి సంగతి. మొదటి సాయంత్రాలు బాగా జరగలేదు. ఆయన వచ్చి, కోటు విప్పి, "మోరీన్ బాగానే ఉందట," అని ఆగిపోయేవాడు. మరునాడు ఇంకొక్క వాక్యం. కొన్ని రోజులు అదీ లేదు. హైమావతి అడగలేదు. చెవులు మాత్రం ఆయన బూట్ల చప్పుడు దగ్గరే ఉంచుకునేది.

ఒకరోజు ఆమె గోరుచిక్కుడు తుంచుతుంటే ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి అన్నాడు: "ఇవాళ మోరీన్‌కి బ్రైటన్ సంగతి చెప్పాను. చిన్నప్పుడు సముద్రంలో చెప్పు పోగొట్టుకుంటే స్టేషన్ దాకా భుజాల మీద మోశాను కదా, అది."

ఆమె చేతులు ఆగాయి.

"ఒక చెప్పు కాదండీ. రెండూ పోయాయి."

"రెండా? అల ఒక్కటేగా లాక్కుపోయింది?"

"ఒకటి అల లాక్కుపోయింది. రెండోది అమ్మాయే విసిరేసింది. మీరప్పుడు చిప్స్ కొనడానికి వెళ్ళారు. ఎందుకే అంటే, అంత పెద్ద నీళ్ళలో అది ఒక్కతే ఉంటే భయపడుతుంది కదమ్మా, అంది."

ఉమామహేశ్వరరావు గుమ్మానికి ఆనుకున్నవాడు అలాగే జారి నేల మీద కూర్చుండిపోయాడు. పెద్దగా ఏడ్చాడు. షెఫీల్డ్‌లో కూడా అలా ఏడవలేదు. హైమావతి వెళ్ళి పక్కన చతికిలబడింది. వీపు మీద చెయ్యి వేసింది. ఆమెకి కళ్ళు తడవలేదు. ఎందుకో ఆమె వంతు ఇంకా రాలేదు.

చాలాసేపటికి ఆయన ముఖం తుడుచుకుని, "నాకు తెలియదు," అన్నాడు. "ఇంకా ఏమంది?"

ఆమె గుర్తు చేసుకుంటూ, ఆగుతూ, చెప్పసాగింది. ఆ పూట కూర కాలేదు. ఇద్దరూ పెరుగన్నం తిన్నారు.