తెర మూలలో గడియారం

నాకు ముక్కు మీదే కోపం. "నీ పనితనం చూసి పిలిచినవాళ్ళు నీ నోరు చూసి పారిపోతారు" అంటుంది మా ఆవిడ. ఇరవై ఏళ్ళుగా ఇళ్ళకీ కొట్లకీ కెమెరాలు బిగిస్తున్నాను. ఈ పనిలో గోడకి కెమెరా బిగించడం కష్టం కాదు. రికార్డరు పెట్టెని మొదటిసారి చూస్తున్నవాళ్ళకి అప్పగించి రావడమే కష్టం. ఈ లైటు ఎప్పటికీ ఆరదా? మాటలు కూడా పడతాయా? మేం లేనప్పుడు కూడా చూస్తుందా? మూడో ప్రశ్నకల్లా నా ఓపిక అయిపోతుంది. "ఏదీ ముట్టుకోకండి, దాని పని అది చూసుకుంటుంది" అని నిచ్చెన భుజాన వేసుకుంటాను.

డ్రైవరు గారింట్లోనూ అదే చెప్పాను.

ఆయన ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. రెండేళ్ళుగా మతిమరుపు. ఖాకీ చొక్కా తొడుక్కుని, సంచీ తగిలించుకుని, డ్యూటీకని అప్పటికే రెండుసార్లు ఇల్లు దాటాడట. కూతురు ఆసుపత్రిలో నర్సు. తను డ్యూటీలో ఉన్నప్పుడు ఫోన్లో నాన్నని చూసుకోవచ్చని నన్ను పిలిపించింది. నాలుగు కెమెరాలు పెట్టాను. గేటుకొకటి, పెరటి తలుపుకొకటి, మెట్లకొకటి, ఆయన పడుకునే గదిలో ఒకటి. పెట్టె పెట్టి, బొమ్మ పడేలా టీవీకి కలిపిందీ ఆ గదిలోనే.

ఇక్కడే ఒక తప్పు చేశాను. రికార్డరు లోపల బిళ్ళంత సెల్లు ఒకటి ఉంటుంది. పెట్టెకి కరెంటు ఆగినా లోపలి గడియారాన్ని అదే నడిపిస్తుంది. ఆ పెట్టెలో సెల్లు చచ్చిపోయి ఉంది. ఒకసారి ఆపి వేసి చూస్తే, గడియారం ఎక్కడ ఆగిందో అక్కణ్ణించే మళ్ళీ మొదలైంది. కొత్త సెల్లు తేవాలంటే కొట్టు దాకా వెళ్ళాలి. అప్పటికే కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. ఇంట్లో ఇన్వర్టరు ఉంది, పెట్టెకి కరెంటు ఎందుకాగుతుంది, అని నాకు నేనే సర్దిచెప్పుకుని టైము పెట్టేసి వచ్చేశాను.

అయిదో రోజు డ్రైవరు గారి భార్య ఫోన్ చేసింది. ఆవిణ్ణి పెద్దమ్మా అంటాను. "నాయనా, టీవీలో మూలన గడియారం వెనకబడుతోంది" అంది. నేను వేరే ఇంట్లో నిచ్చెన మీదున్నాను. "టైము చూసుకోడానికి గోడ మీద గడియారం ఉందిగా పెద్దమ్మా! బొమ్మ పడుతోందా లేదా?" అన్నాను. పడుతోందంది. "మరింకేం?" అని పెట్టేశాను.

పదో రోజు పొద్దున పదీ పదికి కూతురు ఫోన్. మాట తడబడుతోంది.

"నాన్న కనపడట్లేదు. అమ్మ ఫోన్ చేస్తే డ్యూటీ మధ్యలో వచ్చేశాను. ఎప్పుడెళ్ళారో చూద్దామంటే ఆ రికార్డింగ్ తెరుచుకోవడం లేదు. మీరొకసారి రండి."

పావుగంటలో వెళ్ళాను. కూతురు ఆసుపత్రి బట్టల్లోనే ఉంది. ఎదురింటి మాస్టారు కారు తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. పెద్దమ్మ మంచం కోడు పట్టుకుని నేల మీద కూర్చుంది. నేను చెప్పులు కూడా విడవకుండా పెట్టె ముందు కూర్చుని గేటు రికార్డింగు తీశాను. నాలుగుసార్లు ముందుకి, వెనక్కి జరిపాక దొరికాడు. ఖాకీ చొక్కా, భుజాన సంచీ. గేటు తీశాడు, బయటికెళ్ళాడు, మళ్ళీ వెనక్కి తిరిగి పద్ధతిగా గడియ వేశాడు. తెర మూలలో టైము ఆరూ అయిదు.

"ఆరింటికా!" అన్నాడు మాస్టారు. "ఆరున్నరకి మొదటి బస్సుంది. ఈయన ముప్ఫై ఏళ్ళు తోలిన రూటే అది. ఎక్కితే ఈపాటికి ఆ చివరి ఊళ్ళో దిగుంటాడు."

పెద్దమ్మ తలెత్తింది. "ఆరింటికేమిటే? తొమ్మిదింటికి నేను స్నానం చేయించాను. తుండుగుడ్డలు మేడ మీద ఆరేసి వచ్చేసరికి లేరు."

"అమ్మా, అది నిన్నటి మాట."

"ఇవాళేనే!"

"ఇక్కడ కళ్ళకి కనిపిస్తోంది కదమ్మా, ఆరూ అయిదు!" అని అరిచింది కూతురు. అమ్మ వంక చూసిన ఆ చూపు నాకింకా గుర్తుంది. నాన్నకైంది, ఇప్పుడు అమ్మకీ మొదలైందా అన్న భయం అది. నేనేమైనా తక్కువ తిన్నానా? "మిషన్‌కి అబద్ధం చెప్పే అవసరం ఏముంటుంది పెద్దమ్మా" అన్నాను.

కూతురూ మాస్టారూ పరుగున మెట్లు దిగారు. కారు కదిలింది. ఆ ఊరికి రెండు గంటల దారి.

నేను వైర్లు సర్దుతున్నట్టు నటిస్తూ లేవబోయాను. పెద్దమ్మ ఆగిపోయిన బొమ్మనే చూస్తోంది.

"జుట్టు తడిగా ఉంది చూడు నాయనా. పాపిడి నేనే తీశాను." తనలో తనే అన్నట్టు అంది, "నిన్నేనేమో. నాకే మతి పోతోందేమో."

బొమ్మ పెద్దది చేశాను. నిజమే, జుట్టు తడి ఆరలేదు. చొక్కా కాలరు కూడా తడిసి ఉంది. నా వేళ్ళు వాటంతటవే రికార్డింగు మూసి, ఇప్పుడు నడుస్తున్న బొమ్మ తీశాయి. మూలలో గడియారం ఆరూ యాభై మూడు చూపిస్తోంది. జేబులో ఫోన్ తీసి చూశాను. పదీ ముప్ఫై ఎనిమిది.

నా మొహంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు.

"పెట్టె స్విచ్చి ఆపారా?" అని అరిచాను. తప్పు నాదైనప్పుడే నా గొంతు ఎక్కువ లేస్తుంది. "ఏదీ ముట్టుకోవద్దన్నానా? కరెంటు దండగనుకున్నారా?"

ఆవిడ బెదిరిపోయింది. "కరెంటు కోసం కాదు నాయనా. ఆయనకి ఒంటి మీద గుడ్డ విప్పి, తుడిచి, బట్టలు మార్చేది ఈ గదిలోనేగా. కూతురు ఫోన్లో చూస్తుంది. ఎంత మతి లేకపోయినా తండ్రి కదా. రోజూ ఆ కాసేపు ఆపి, మళ్ళీ వేస్తున్నాను. నిన్ను అడుగుదామనుకున్నాను, కసురుతావని భయమేసింది."

రోజూ ఆ కాసేపు. పాతిక నిమిషాలు అనుకుంటే తొమ్మిది రోజులు. ఆపిన ప్రతిసారీ గడియారం ఆగింది, వేసిన ప్రతిసారీ ఆగినచోటి నుంచి నడిచింది. మొత్తం మూడు గంటల నలభై అయిదు నిమిషాలు వెనకబడింది. అంటే ఆయన గేటు దాటింది ఆరూ అయిదుకి కాదు, పది తక్కువ పదికి.

ఒక్క క్షణం తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. దాచను. ఆవిడ తన మతినే అనుమానించుకుంటోంది. నేను నోరు మూసుకుంటే ఈ తప్పు ఎవరికీ తెలియదు. ఇరవై ఏళ్ళ పేరు అలాగే ఉంటుంది. కానీ ఆ కారు ఆయన లేని ఊరికి పోతోంది.

"మీ మతికేం కాలేదు పెద్దమ్మా. తప్పు నాది. లోపల సెల్లు చచ్చిందని తెలిసీ మార్చలేదు. ఆయన వెళ్ళి గంట కూడా కాలేదు. మొదటి బస్సు తర్వాత ఆ రూట్లో బస్సెప్పుడు?"

"పదకొండింటికి" అంది ఆవిడ వెంటనే. డ్రైవరు భార్యకి ఆ టైములు కంఠతా వచ్చు.

కూతురికి ఫోన్ చేస్తే ఎంతసేపూ బిజీ. ఎవరెవరికో ఫోన్లు చేసుకుంటోంది పాపం. "బస్టాండుకి వెళ్తున్నాం, వెనక్కి రండి" అని మెసేజీ పెట్టి, పెద్దమ్మని స్కూటరు వెనక ఎక్కించుకున్నాను. జన్మలో స్కూటరెక్కని మనిషి. నా చొక్కా రెండు గుప్పిళ్ళతో పట్టుకుంది. మార్కెట్టు వీధిలో సరుకు దింపుతున్న లారీ అడ్డం. పక్క సందులోకి తిప్పితే అక్కడ రోడ్డు తవ్వి పెట్టారు. ఆవిణ్ణి దింపి, స్కూటరు తోసుకుంటూ మట్టికుప్ప దాటించి, మళ్ళీ ఎక్కించాను. అప్పటికి పదీ యాభై రెండు.

బస్టాండు గేటు దగ్గర కాపలావాణ్ణి అడిగాను, ఖాకీ చొక్కా వేసుకున్న పెద్దాయన వచ్చాడా అని. "సారేగా? డ్యూటీకొచ్చారు, లోపలికెళ్ళారు" అన్నాడు. చొక్కా చూసి సలాం కూడా కొట్టాడట.

పదకొండింటి బస్సు ఇంజను ఆన్‌లో ఉండి గుర్రుమంటోంది. సగం సీట్లు నిండాయి. ఒకావిడ చంటిపిల్లని చంకనేసుకుని మెట్టెక్కుతోంది. డ్రైవరు సీట్లో, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని, నిటారుగా మా డ్రైవరు గారు. అసలు డ్రైవరు అవతల టీ కొట్టు దగ్గర గ్లాసుతో కబుర్లలో ఉన్నాడు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. కిటికీ దగ్గరికి పరిగెత్తి, "దిగండి! దిగండి!" అని కేకపెట్టాను. ఆయన నన్ను చూసిన చూపుకి నా నోరు దానంతటదే పడిపోయింది.

"ఎందుకా తొందర? టైము కాకుండా బండి తియ్యను." చేతి గడియారం చూసుకున్నాడు. "ఇంకా మూడు నిమిషాలుంది."

నా ఫోన్లో పదీ యాభై ఏడు. మేమింత వెతుకుతున్న ఆ మనిషి చేతికున్న గడియారం నిమిషం అటూ ఇటూగా సరిగ్గా నడుస్తోంది. ఆ మూడు నిమిషాల క్రమశిక్షణే ఆ బస్సుని ఆపి ఉంచింది.

పెద్దమ్మ నన్ను పక్కకి తప్పించింది. మెట్లెక్కి ఆయన పక్కన నిలబడింది. కేకలు లేవు, ఏడుపు లేదు.

"ఏవండీ, మీ రిలీవరొచ్చాడు. బండి అప్పగించి రండి."

టీ గ్లాసు పారేసి పరిగెత్తుకొచ్చిన డ్రైవరుకి ఆవిడ కళ్ళతోనే చెప్పింది. అతను గ్రహించి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఈయన అతన్ని ఎగాదిగా చూశాడు. "టైముకే వచ్చావు" అంటూ సీటు దిగాడు. "బ్రేకు ఎడమకి లాగుతోంది, చూసి నడుపు."

"లాగుతోందండీ, నిజమే" అన్నాడు అతను.

ఆయన కిందకి దిగాక పెద్దమ్మ ఆయన ముంజేయి పట్టుకుంది. అప్పుడు ఏడ్చింది.

సగం దారిలో మెసేజీ చూసుకుని కూతురు ఇల్లు చేరేసరికి పన్నెండున్నర. జరిగిందంతా ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. సెల్లు సంగతి, అయిదో రోజు ఫోన్ సంగతి, అంతా. తిడుతుందని కాచుకున్నాను. ఆమె నా వైపు చూడనే లేదు. అమ్మ పక్కన కింద కూర్చుంది.

"నీ మాట కాదని ఆ పెట్టె మాట నమ్మానమ్మా."

"నేనూ నమ్మానే. నా మాట నేనే నమ్మలేదు" అంది పెద్దమ్మ.

ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. కూతురు నా చెంప పగలగొట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

కొట్టు దాకా వెళ్ళి కొత్త సెల్లు తెచ్చి వేశాను. గదిలో కెమెరాని తలుపు వైపు తిప్పాను. మంచమూ, బట్టలు మార్చే చోటూ ఇక కనపడవు. "ఇంక ఆపక్కర్లేదు పెద్దమ్మా. మీరొచ్చి చూడండి" అని ఆవిణ్ణి టీవీ ముందు కూర్చోబెట్టాను. ఏ బొత్తాం దేనికో ఒక్కొక్కటే చెప్పాను. ఈ లైటు ఎప్పటికీ ఆరదా అని అడిగింది. ఆరదు, అది వెలుగుతుంటేనే పెట్టె బాగున్నట్టు అన్నాను. ఇంకా చాలా అడిగింది. అన్నిటికీ చెప్పాను.

చివరికి నా ఫోన్ చూసి టైము పెట్టి, "సరిపోయిందా?" అని అడిగాను.

ఆవిడ గోడ వైపు చూడలేదు. మంచం మీద నిద్రపోతున్న ఆయన చెయ్యి మెల్లగా ఎత్తి, చేతి గడియారం చూసింది. తర్వాత తెర మూల చూసింది.

"ఒక్క నిమిషం వెనకుంది నాయనా."

నేను ఫోన్ జేబులో పెట్టేసుకుని, ఆవిడ చెప్పినట్టే ఒక నిమిషం ముందుకి జరిపాను.